ఎనభై దగ్గర వణుకు

సెప్టెంబరు 8, సోమవారం

ఈ ఉదయం పక్క సీట్లో పెట్టిన గుడ్ల అట్టపెట్టె మూత దానంతట అదే తెరుచుకుంది. లోపల గుడ్లన్నీ తలలాడిస్తున్నాయి. స్పీడోమీటరు చూశాను: ఎనభై. డెబ్బైకి తగ్గించాను. గుడ్లు బుద్ధిగా కూర్చున్నాయి. మళ్లీ ఎనభై. మళ్లీ తలలాట. ఈసారి వాటితోపాటు స్టీరింగూ, నా మోచేతులూ, పళ్లూ.

కాబట్టి ఇది నా ఊహ కాదు. ఇక్కడ జూన్‌లో మొదలయ్యే చలికాలమంతా మంచులో, బురదలో తిరిగిన మా ఫోర్ వీల్ డ్రైవ్ బండికి వణుకు పట్టుకుంది. చలి పోయినా ఇది పోలేదు.

వచ్చే సోమవారం జిల్లా లైబ్రరీలో ఉద్యోగంలో చేరాలి. కొండ మీది గొర్రెల ఫారాలకు పుస్తకాలు చేరవేసే పని. బండి మనమే తెచ్చుకోవాలి. దానికి ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి. వెనక పుస్తకాలు, ముందు ఖాళీ రోడ్డు, మధ్యలో నేను. స్వర్గం గురించి మా కాన్వెంటు సిస్టర్లు కూడా ఇంత బాగా చెప్పలేదు.

బండి మాత్రం అమ్మది. శనివారంలోగా ఇది కుదుటపడకపోతే పక్క ఫారంలో ఉండే తన అన్నయ్యకు, అంటే మా డెస్ మామయ్యకు, ఇచ్చేస్తుందట. ఆయనకు కుక్కల్ని తిప్పడానికి కావాలి. నేనేమో ఆయన ఉన్ని షెడ్డులో పనికి వెళ్లాలట. ఉన్ని షెడ్డు అంటే రేడియో, గొర్రెలు, ఉన్ని కత్తిరించేవాళ్లు. అందరూ ఒకేసారి అరుస్తారు. కొత్తగా వచ్చినవాళ్లకు పేర్లు పెడతారు.

తీర్మానం: ఈ వణుకు ఎక్కడినుంచి వస్తోందో నేనే కనిపెడతాను. ఎవర్నీ అడగను. ఒక్క ప్రశ్న కూడా.

ఈ రోజు మరియమాత పుట్టినరోజు. ఇంతకన్నా మంచి రోజు ఎక్కడ దొరుకుతుంది!


సెప్టెంబరు 9, మంగళవారం

రిపేర్ల పుస్తకం తెచ్చుకున్నాను. నాలుగు వందల పేజీలు, బొమ్మలతో. ఆహా! మొదటి అధ్యాయం పేరు ‘మొదలుపెట్టే ముందు’. పీఠికలు చివర్లో చదవడం నా అలవాటు. నేరుగా మూడులోకి వెళ్లాను.

ఉదయం: నాలుగు టైర్లలో గాలి చూశాను. సరిగ్గా ఉంది. రోడ్డెక్కించాను. వణికింది.

భోజనానికి ముందు: చక్రాల నట్లు బిగించాను. పానా మీద ఎక్కి నిలబడి మరీ. వణికింది.

మధ్యాహ్నం: జాకీ పెట్టి ముందు చక్రం పైకెత్తాను. పైనా కిందా పట్టుకుని ఊపాను. కుడీ ఎడమా పట్టుకుని ఊపాను. నేను తప్ప ఏదీ కదల్లేదు.

మూడు కారణాలు కొట్టేశాను. ఇంకెన్ని ఉంటాయి! ముక్కు మీద గ్రీజు అంటింది. అద్దంలో చూసుకుంటే పనిమంతురాలిలానే ఉన్నాను.


సెప్టెంబరు 10, బుధవారం

ఉత్తరాలు తెచ్చే లోర్నా, ముక్కుకు ఏమైందని అడిగింది. చెప్పాను. ఇది అడగడం కింద రాదు. అడిగింది ఆవిడ.

వాళ్ల వదినగారి బండికీ ఇలాగే అయిందట. స్టీరింగుకు అడ్డంగా కట్టే షాకబ్జార్బరు పోయి ఉంటుందని, కొత్తది వేస్తే పాపాయిలా నిద్రపోతుందని చెప్పి వెళ్లింది. పుస్తకం తిరగేశాను. కొత్తది వేస్తే వణుకు కనపడదు, అంతే, జబ్బు లోపలే ఉంటుంది అని ఉంది. అయినా విప్పి చూశాను. నూనె కారడం లేదు. నొక్కితే ఒద్దికగా లోపలికి వెళ్లి, ఒద్దికగా బయటికి వస్తోంది. మళ్లీ బిగించాను. ఒక బోల్టు మిగిలిపోయింది.

చెమటలు పట్టాయి. సాయంత్రానికి అది వంటింటి కుర్చీదని తేలింది. ఎలా తేలిందో అమ్మను అడగాలి. ఆవిడ ఇంకా నడుం పట్టుకునే ఉంది.


సెప్టెంబరు 11, గురువారం

దగ్గరి టౌను రాన్‌ఫర్లీలో ట్రెవర్ గ్యారేజీకి వెళ్లాను. గ్రీజు కొనడానికే. ఎవర్నీ అడగకూడదన్నది తీర్మానం. ఏమీ కొనకూడదని కాదు.

డబ్బా పట్టుకుని దాని వెనక రాసింది చదువుతూ నిలబడ్డాను. రెండుసార్లు చదివాక ట్రెవరే దగ్గరికి వచ్చాడు.

“ఏమ్మా, కంఠస్థం వచ్చిందా? అప్పజెప్పు.”

“ఎనభై దగ్గర వణుకుతోంది” అన్నాను డబ్బాతో. అది సమాచారం. చివర ప్రశ్నార్థకం లేదు.

ట్రెవర్ బయటికొచ్చి బండి వెనక భాగంలోకి తొంగి చూశాడు. అక్కడ అమ్మ కర్లింగ్ రాళ్లు ఉన్నాయి, ఒక్కోటి చిన్న గుమ్మడికాయంత. చలికాలం ఆమె వాటిని చెరువు మంచు మీద జారించి ఆడుతుంది. ఆటలేని రోజుల్లో అవి బండిలోనే ఉంటాయి, వెనక చక్రాలు జారకుండా. ఇక్కడ అందరూ చేసేదే. వెనక ఇంత బరువుంటే ముందు భాగం తేలిపోదా అన్నాడు. దించేశాం. వచ్చేటప్పుడు చూశాను. వణుకు ఇప్పుడు ఎనభై అయిదుకి వస్తోంది. అభివృద్ధి!

కిందికి దూరి ఇంకో మాట కూడా చెప్పాడు. ముందు ఇరుసు పక్కకు జరక్కుండా పట్టే అడ్డకడ్డీ చివర రబ్బరు కాస్త అరిగినట్టుందట. డునీడిన్ పట్నం నుంచి తెప్పించాలి, వచ్చే బుధవారానికి వస్తుంది. ఈలోగా ఇలా వణుకుతుంటే మాత్రం ఫిట్‌నెస్ సంతకం పెట్టనన్నాడు.

వచ్చే బుధవారానికి నేను ఉన్ని షెడ్డులో ఉంటాను.


సెప్టెంబరు 12, శుక్రవారం

అడిగాను.

బేకరీలో అడిగాను. పెట్రోలు బంకులో అడిగాను. చర్చి మెట్లు ఊడుస్తున్న ఫాదర్‌ని అడిగాను. ఒకసారి నోరు తెరిచాక ఎలా మూయాలో తెలియలేదు. టైర్లు అన్నారు, రోడ్డు అన్నారు, వయసు అన్నారు (బండిది). బేకరీ ఆవిడ మాంసం కూరిన పేస్ట్రీలు రెండు వేడివేడిగా చేతిలో పెట్టి, ఎనభై దాటకపోతే సరి కదా అంది. అదొక్కటే పనికొచ్చే సలహా. ఫిట్‌నెస్‌కి పనికిరాదు.

చివరికి అమ్మను అడిగాను.

“నువ్వు స్టీరింగు మరీ గట్టిగా పట్టుకుంటావు, ఊనా. నీ చేతుల్లో ఉంటే నేనైనా వణుకుతాను” అంది.

తర్వాత మామయ్యకు ఫోన్ చేసింది. రేపు పదింటికి వస్తాడు.

పుస్తకం మంచం కిందకి తోసేశాను.


సెప్టెంబరు 13, శనివారం

తెల్లారీ తెల్లారకుండానే అమ్మ దుప్పటి లాగేసింది. “మురికి బండి ఇస్తే మా అన్నయ్య చచ్చేదాకా చెప్పుకుంటాడు. పోయి కడుగు.”

ఇక్కడ జూన్ నుంచి ఆగస్టు దాకా ఎవరూ బండి కడగరు. నీళ్ల గొట్టం గడ్డకట్టి ఉంటుంది. ఎవరి బండి రంగు ఏమిటో ఎవరికీ గుర్తుండదు. పైకప్పు కడిగాను. తలుపులు కడిగాను. వంగి ముందు చక్రం లోపలివైపుకి నీళ్లు కొట్టాను. ఏదో దబ్బున పడింది.

ఇటుకంత బురదగడ్డ. గడ్డిపరకలు, ఉన్ని, గులకరాళ్లు కలిసి, ఎండి, రాయిలా బిగిసింది. తల లోపలికి దూర్చి చూశాను. రిమ్ము లోపలి గుంటలో ఇంకా ఉంది, ఒక పక్కనే. రెండో పక్క శుభ్రంగా ఉంది. అవతలి చక్రంలోనూ అంతే.

తడి గులకరాళ్ల మీదే కూలబడ్డాను. ఒక పక్క రాయి కట్టిన చక్రం తిరిగితే ఏమవుతుంది? ఈ ప్రశ్న నన్ను నేనే అడిగాను.

అట్లకాడ తెచ్చి గీకాను. బకెట్టు నిండింది. అమ్మకు చెప్పలేదు. అట్లకాడ సంగతి కూడా.

పదింటికి మామయ్య మూడు కుక్కలతో వచ్చాడు. ఓసారి తిప్పి చూపించమన్నాడు. ఆయన నా పక్కన కూర్చున్నాడు, కుక్కలు వెనక. డెబ్బై. ఎనభై. ఎనభై అయిదు. తొంభై. కుక్క చెవి కూడా కదల్లేదు.

“ఏమే, ఇది వణుకుతుందన్నావు?”

“వణికేది.”

“అయితే మరీ మంచిది. ఇంటికెళ్లాక తాళాలు ఇటిచ్చెయ్.”

ఇది నేను ఆలోచించలేదు. వణికే బండిని ఆయన సగం మనసుతో తీసుకునేవాడు. ఇప్పుడు మనసు మొత్తం పడింది. అమ్మకు ఆయన మాటంటే మాటే. నేను ఇప్పుడు ఏమీ అనకపోతే ఇంట్లో అనడానికి ఏమీ ఉండదు. రోడ్డు పక్కన ఆపాను.

“ఇవ్వను, మామయ్యా. అమ్మ శనివారంలోగా అంది. ఇవాళ శనివారం. బాగైంది. ఈ బండితో నాకు పని ఉంది.”

మామయ్య నా వైపు చూశాడు.

“షెడ్డులో నీకు నోరు పెగలదేమోనని మీ అమ్మ బెంగపడింది. పెగిలేట్టే ఉంది. బండి నువ్వే ఉంచుకో.”

“మరి కుక్కలు?”

“అవి ఎక్కేశాయి. ఇక దిగవు. మా ఇంటిదాకా దింపిరా.”

దింపాను. తొంభై మీద. అటునుంచి అటే గ్యారేజీకి వెళ్లాను. ట్రెవర్ తనే ఒక చుట్టు తిప్పి చూశాడు. రబ్బరు ఇంకో ఏడాది నడుస్తుందిలే అని సంతకం పెట్టాడు.


సెప్టెంబరు 14, ఆదివారం

పుస్తకం మంచం కిందనుంచి లాగి మొదటి అధ్యాయం చదివాను. మొదటి వాక్యం: చక్రాలు కడగండి, లోపలి వైపు కూడా.

పూజ అయ్యాక అందరూ చుట్టూ చేరి ఏం తేలిందని అడిగారు. బురద అన్నాను. తామూ అదే చెప్పబోయామన్నారు అందరూ. లోర్నా అయితే చెప్పానంది.

బండి లోపల కుక్క వాసన. రివర్సు చేస్తుంటే వెనక ఎడమవైపు కిర్రుమంటోంది. నిన్నటిదాకా లేదు. ఉండేదేమో, వణుకులో వినపడలేదు.

కొత్త తీర్మానం: ఈ కిర్రు సంగతి నేనే తేల్చుకుంటాను. పీఠికతో సహా చదువుతాను. ఎవర్నీ ఏదీ అడగను. రేపు పొద్దుటినుంచే!

రేపటి నుంచి నా ఉద్యోగం, కొండ మీద ప్రతి ఫారం తలుపూ తట్టి, మీకు ఏ పుస్తకాలు కావాలని అడగడం.