ప్రార్థన అంశం

జూన్ 7, శనివారం
వరూధిని ఇవాళ వంటింట్లో నేల మీద కూర్చుని ఏడ్చింది. ఆఫీసులో పీఐపీలో పెట్టారట. అరవై రోజుల్లో పెర్ఫార్మెన్స్ మెరుగుపడకపోతే ఉద్యోగం తీసేస్తారు. ఈలోపు వేరే జాబ్ చూసుకుంటుందట, అప్పటిదాకా ఎవరికీ చెప్పొద్దంది. నాలుగేళ్ళుగా బెంగళూరు బెళ్ళందూరులో ఇద్దరిదీ ఒకే ఫ్లాట్, ఒకే కుక్కర్. నేనెవరికి చెప్తాను?

జూన్ 8, ఆదివారం
శామ్యూల్ అన్న ఇంట్లో గృహకూడిక. ప్రార్థన అంశాలు అడిగారు. ఒకరికి మోకాళ్ళ నొప్పులు, ఒకరికి వీసా, ఒకరి కోడలికి కాన్పు. నా వంతు వచ్చింది. స్నేహితురాలి ఉద్యోగం కోసం అంటే సరిపోయేది. పేరు చెప్పాను. కంపెనీ చెప్పాను. పీఐపీ అని కూడా చెప్పాను. ఆ తర్వాత ఏడు నిమిషాలు ప్రార్థన చేశాను. ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. నీకు ప్రార్థనా వరం ఉందమ్మా అంది అన్న భార్య. ఆటోలో వస్తూ దారంతా ఆ మాటే నెమరేసుకున్నాను.

జూన్ 10, మంగళవారం
కూడికకి వచ్చే మోహన్‌కుమార్‌దీ వరూధిని ఆఫీసే. నాకు తెలుసు. తెలిసీ నోరు ఆగలేదు.

కాఫీ మెషీన్ దగ్గర ఆమెని ఆపి, మీ పీఐపీ కోసం మేమంతా ప్రేయర్ చేస్తున్నాం, ధైర్యంగా ఉండండి సిస్టర్ అన్నాడట. టీమ్ మొత్తం అక్కడే ఉందట. పాపం, ఆయన మంచికే అన్నాడు. నేనూ మంచికే చేశాననబోయాను. నా ఏడుపు పట్టుకెళ్ళి నువ్వు పేరు తెచ్చుకున్నావు అంది వరూధిని. అరవలేదు. అరిచినా బాగుండేది.

జూన్ 11
కజిన్ ఇంటికి వెళ్ళిపోయింది. కుక్కర్ ఇక్కడే ఉంది.

జూన్ 14, శనివారం
పొద్దున్నించి ఆరు మెసేజ్‌లు టైప్ చేసి డిలీట్ చేశాను. ప్రతిదాంట్లోనూ ఒక "కానీ" ఉంది.

ఇంటి ఓనర్ కదిరమ్మ ఆంటీ మెట్ల దగ్గర ఆపి, ఆ పాప యాడుండాది, కనపడనే లేదే అంది. ఊరెళ్ళిందన్నాను. అబద్ధం కూడా ఎంత సులువుగా వస్తోందో.

చిన్నప్పుడు ఒంగోలు సండే స్కూల్లో, నోటికి కాపలా పెట్టమని దేవుణ్ణి అడిగే వాక్యం తప్పు లేకుండా అప్పజెప్పింది నేనే. ఫస్ట్ ప్రైజ్ స్టీలు గ్లాసు, పేరు కూడా చెక్కించారు. ఇప్పటికీ కాఫీ దాంట్లోనే. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఇంత పెద్ద ఊళ్ళో ఇవాళ నాతో మాట్లాడింది కదిరమ్మ ఆంటీ ఒక్కతే. ఇల్లు బావురుమంటోంది. వరూధిని కావాలి నాకు.

జూన్ 22, ఆదివారం
ముగింపు ప్రార్థన నన్ను చేయమన్నాడు శామ్యూల్ అన్న. చేయలేనన్నాను. పోనీ అంశం ఏమైనా ఉందా అన్నాడు. నా నోరు అన్నాను. పన్ను నొప్పా అని ఎవరో అడిగారు. కాదన్నాను. ఏడు నిమిషాలు చెప్పగలిగేదాన్నే. చెప్పలేదు. మోహన్‌కుమార్ తలొంచుకున్నాడు.

జూన్ 23
తప్పు నాది. ఈ రెండు మాటలే పంపాను. చూసింది.

జూన్ 28, ఉదయం 11
వరూధిని కుక్కర్ కోసం వచ్చింది. కాఫీ ఇచ్చాను. గంటసేపు మాట్లాడింది, నేను విన్నాను. కుక్కర్ తీసుకుని వెళ్ళిపోయింది.

ఏం చెప్పిందో ఇక్కడ కూడా రాయను.