రాయి చూస్తే పారిపోని కుక్క

జాన్‌బీ అక్కకు, నీ చెల్లెలు రజియా సలాములు.

ముందు మీ అందరి క్షేమం చెప్పు. బావ దగ్గు తగ్గిందా? పరుపుల కొట్లో దూది ఏకినంతసేపూ ముక్కుకు గుడ్డ కట్టుకోమని నేను చెప్పానని చెప్పు. నర్సు మాట వినకపోయినా మరదలి మాట వింటాడేమో. మీ అత్తమ్మగారి కాలివాపు ఎలా ఉంది? ఇక్కడ మేం ముగ్గురం అల్లా దయవల్ల బాగున్నాం. మీ మరిదికి బేకరీలో పని కుదురుకుంది. సఫియా బాగుంది. నువ్వు నమ్మవు కాబట్టి ఇంకోసారి రాస్తున్నాను, సఫియా బాగుంది.

ఫోను ఉండగా ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్లో నేను ఒక మాట అనేలోపు నువ్వు పది మాటలంటావు. పిల్లేమో పక్కనే చెవులు రిక్కించుకుని వింటుంది. పోయినసారి నువ్వేమన్నావో గుర్తుందా? "ఇంకా మాటలెందుకే? సెలవులివ్వగానే పిల్లని నా దగ్గరికి పంపించెయ్. ఆ కుక్కల దేశంలో దాన్ని హడలగొట్టి చంపుతావా ఏంది?" అని ఠక్కున పెట్టేశావు. బావ నందిగామలో స్కూలు సీటు కూడా అడిగి వచ్చాడని, దానికోసం కొత్త పరుపు కుట్టిస్తున్నాడని తర్వాత మెసేజి పెట్టావు. ఆలోచించుకోవడానికి కొంచెం టైమివ్వమన్నాను కదా, ఆ ఆలోచన ఇదీ. మా ఆస్పత్రిలోనే పనిచేసే కంచికచర్ల అమ్మాయి సెలవు మీద వస్తోంది. ఈ కవరు తనే తెచ్చి నీ చేతికిస్తుంది. కూర్చుని, చల్లగా చదువు.

ఇక్కడి సంగతులు చెప్పాలంటే, ఐర్లాండులో వాన మన దగ్గరలా కురిసి వెలిసిపోయేది కాదు. పొద్దున మొదలైతే రాత్రి దాకా సన్నగా అలాగే పడుతుంటుంది. ఎండ వచ్చిన రోజు జనం పండగ చేసుకుంటారు. డ్యూటీ నుంచి వచ్చాక పప్పు, అన్నం, నువ్వు పంపిన ఊరమిరపకాయలు ఉంటే చాలు, ప్రాణం లేచి వస్తుంది. అవి అయిపోవచ్చాయని సిగ్గు లేకుండా చెప్తున్నాను. ఊరు చిన్నది, మనుషులు మంచివాళ్ళే. కానీ ఎదురుపడితే వాన గురించి రెండు ముక్కలు మాట్లాడి వెళ్ళిపోతారు. వచ్చిన కొత్తలో ఈ నిశ్శబ్దానికి బాత్రూంలో నీళ్ళు వదిలిపెట్టి ఏడ్చిన రోజులున్నాయి. తర్వాత గమనించాను, కుక్క ఉన్నవాళ్ళు మాత్రం రోడ్డు మీద నిలబడి ఎంతసేపైనా మాట్లాడుకుంటారు. కుక్క పేరు తెలుసు, కుక్క వయసు తెలుసు, దానికి ఏ తిండి పడదో తెలుసు. దాని యజమాని పేరు మాత్రం తెలియదు.

ఇక్కడ కుక్కలకు వానకోటు ఉంటుందక్కా. బస్సులో ఎక్కుతాయి. వాటి వెనక మనుషులు చిన్న సంచి చేతికి తొడుక్కుని, అది చేసిన పాడుపని తామే ఎత్తి, మూట కట్టి, డబ్బాలో వేస్తారు. మొదటిసారి చూసినప్పుడు మీ మరిది "ఈ దేశంలో పుడితే కుక్కగానే పుట్టాల రజియా" అన్నాడు. మన దగ్గర కుక్క కరిస్తే సూదులు మనిషికి వేస్తాం, వీళ్ళు జబ్బులు రాకుండా ముందే కుక్కకు వేసేస్తారు. ఆ తెలివి మాత్రం నాకు నచ్చింది.

అసలు సంగతికి వస్తాను. పిల్ల బడికి పార్కు పక్కగా నడిచి వెళ్ళాలి. ఒక పొద్దున మేమిద్దరం వెళ్తుంటే, మా వీధిలోనే ఉండే ఒక పెద్దావిడ కుక్క, తాడు లేకుండా ఎదురొచ్చింది. దూడంత ఉంటుంది, నలుపు తెలుపు మచ్చలు. సఫియా నా చెయ్యి వదిలించుకుంది. నేను ముందుగా ఇక్కడికి వచ్చేసి, అది నీ దగ్గరున్న ఏడాదీ నువ్వు నేర్పిన విద్య ఉంది కదా, "వంగి రాయి తీసినట్టు చెయ్, చచ్చినట్టు పారిపోద్ది" అని, సరిగ్గా అదే చేసింది. నేలకు వంగి చెయ్యి చాపింది.

మన బజార్లో అలా వంగితే ఏ కుక్కైనా తోక ముడుచుకుని పోతుంది. ఇదేమో చెవులు నిలబెట్టి, తోక ఊపుకుంటూ, గంతులేస్తూ పరిగెత్తుకొచ్చి పిల్ల ముందు నిలబడింది. ఇక్కడి కుక్కలను ఎవరూ రాయి పెట్టి కొట్టి ఎరగరక్కా. మనిషి చెయ్యి నేల మీదికి పోయిందంటే, ఏదో విసురుతారు, తెచ్చి ఇవ్వాలి అని మాత్రమే వాటికి తెలుసు. పిల్ల ఇంకా కిందికి వంగింది. అది ఇంకా దగ్గరికి వచ్చింది. రాయి దొరకలేదు, చేతికి వచ్చిన గడ్డి పీకి విసిరింది. ఆ మహానుభావుడు గడ్డిని గాల్లోనే నోటితో అందుకుని, తెచ్చి దాని చేతిలో పెట్టి, చెయ్యి నాకాడు. ఇప్పుడు రాస్తుంటే నాకే నవ్వొస్తోంది. అప్పుడు మాత్రం పిల్ల కేక వేసేసరికి ఒక్క ఉదుటున వెనక్కి లాక్కున్నాను.

దూరం నుంచి ఆ పెద్దావిడ చెయ్యి ఊపుతూ అరుస్తోంది, "భయపడకండి, వాడు ఏమీ చెయ్యడు!" అని.

ఆ మాట వినేసరికి నా ఒంట్లో రక్తం మరిగింది. జగ్గయ్యపేటలో మా అత్తగారి వీధిలో బంగళా ఆయన కూడా అదే కదా అన్నాడు! రంజాను రోజు, పిల్లకు కొత్త గౌను తొడిగి, సేమ్యా పాయసం గిన్నె ఇవ్వడానికి వెళ్ళాం. గేటుకు 'కుక్క ఉన్నది జాగ్రత్త' అని బోర్డు. పైన బాల్కనీలోంచి ఆయన "రండి రండి, అదేం చెయ్యదండి" అని భరోసా. కుక్క వచ్చి పిల్ల పిక్క పట్టుకున్నాక కూడా మెట్లు దిగకుండానే, "పిల్ల పరిగెత్తబట్టి కరిసిందండీ, లేకపోతే ఏం చెయ్యదు" అన్నాడు. సూదులు వేయించినన్ని రోజుల్లో ఒక్కసారి ఎలా ఉందని అడగలేదు. పాయసం గిన్నె మాత్రం కడిగి పనిమనిషితో పంపించాడు.

అందుకే ఆ రోజు పార్కులో ఆ పెద్దావిడ మీద అరిచేశాను. ఇంగ్లీషు అయిపోతే తెలుగులోకి వచ్చాను. పిల్లను ఎత్తుకుని ఇంటికొచ్చి, సబ్బుతో చేతులు కడిగి, బట్టలన్నీ మార్చాను.

మర్నాటి నుంచి పిల్ల గడప దాటనంది. పొద్దున బూట్లు చూస్తే కడుపునొప్పి. ఎత్తుకుని తీసుకెళ్దామంటే మెడ పట్టుకుని వణికిపోయేది. టీచరు ఫోన్లు, నాకు దొరకని సెలవులు, మీ మరిది రాత్రంతా పనిచేసి వచ్చి పొద్దున పిల్లకు కాపలా. సరిగ్గా ఆ రోజుల్లోనే నువ్వు పంపించెయ్యమన్నావు. నిజం చెప్తున్నాను, ఆ రాత్రి టికెట్లు చూడమని మీ మరిదికి చెప్పాను. ఇంత కష్టపడి తెచ్చుకున్న పిల్లని మళ్ళీ విడిచి ఉండాలా అని ఒక పక్క, ఇక్కడుంచి దాని ప్రాణం తోడేస్తున్నానా అని ఇంకో పక్క. ఆయన, పడుకున్న పిల్ల కాళ్ళు సర్దుతూ కూర్చున్నాడు.

ఆ వారంలోనే ఒక సాయంత్రం తలుపు చప్పుడైంది. తీస్తే ఆ పెద్దావిడ. పేరు నోరా. కుక్కను తీసుకురాలేదు. లోపలికి రమ్మన్నా గుమ్మం దగ్గరే నిలబడి, "తాడు విప్పేముందు చుట్టూ చూడాల్సింది. తప్పు నాది. మీ పాపకు క్షమాపణ చెప్పడానికి వచ్చాను" అంది. నాకే సిగ్గేసింది. పిల్ల రాయి కోసం వంగిన సంగతి చెప్పి, మా ఊళ్ళో అలా చేస్తే కుక్కలు పారిపోతాయని వివరించాను. ఆవిడ "అయ్యో, పాపం ఆ కుక్కలు" అంది.

ఇక చూడు నా కోపం! "పాపం కుక్కలా?" అని, లోపలికి వెళ్ళి సఫియాను లాక్కొచ్చి, పైజమా పైకెత్తి పిక్క మీది మచ్చ చూపించాను. నోరా గారు కళ్ళజోడు పెట్టుకుని, కష్టం మీద మోకాళ్ళు వంచి, ఆ మచ్చను చూసింది. "ఆ కుక్క తాలూకు వాళ్ళు ఏమన్నారు?" అని అడిగింది. "ఏమీ చెయ్యదు అన్నారు" అని చెప్పాను. ఆవిడ ముఖం ఎర్రబడింది. "నేనూ అదే అరిచాను కదా. ఇంకెప్పుడూ ఎవరితోనూ ఆ మాట అనను" అంది.

కుక్కను పెంచేవాళ్ళ నోట అలాంటి మాట నేను వినడం అదే మొదలు.

మర్నాడు పొద్దున బడి వేళకు కిటికీలోంచి చూస్తే, ఎదురు ఫుట్‌పాత్ మీద నోరా గారు గొడుగు వేసుకుని నిలబడి ఉంది. పక్కనే ఆ కుక్క, మర్ఫీ దాని పేరు, పొట్టి తాడుతో, కూర్చుని ఉంది. మేం వస్తే వెళ్ళనిచ్చి, అప్పుడు కదలాలని ఆవిడ ఉద్దేశం. ఆ రోజు మేం వెళ్ళలేదు. ఆ మర్నాడూ వానలో అలాగే నిలబడింది. మూడో రోజు సఫియాయే కిటికీ దగ్గర చేరి, "అమ్మా, అది లెగట్లేదేంటే?" అంది. ఆ మాట మీదే బూట్లు తొడిగాను. గోడకు ఆనుకుని, నన్ను రెండు చేతులా పట్టుకుని నడిచింది, కానీ నడిచింది. మర్ఫీ తల కూడా తిప్పలేదు.

అలా కొన్నాళ్ళు గడిచాక, సఫియా రోడ్డుకు ఇటు నుంచే నన్ను అడగమంది, అది ఎందుకు కదలదని. నోరా గారు అరచెయ్యి ఎత్తి చూపించి, "నేను ఇలా కూర్చోమంటే కూర్చుంటాడు" అంది.

"నేనంటే కూచుంటదా?"

నేను ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ మర్ఫీని లేపి నిలబెట్టి, తాడు చేతికి రెండు చుట్లు చుట్టుకుని, "అడిగి చూడమ్మా" అంది. సఫియా నా వెనక నుంచి ఒక్క అడుగు బయటికి వేసి, అరచెయ్యి పైకెత్తి, నువ్వు కొట్లో పనివాళ్ళను అదిలించే గొంతుతో, "కూచో!" అంది. దూడంత కుక్క, రోడ్డుకు ఆవలి పక్క, బుద్ధిగా కూర్చుంది.

పిల్ల ముఖం నువ్వు చూడాలక్కా. భయం పోయిన ముఖం కాదది, పెత్తనం దొరికిన ముఖం. మీ మరిది వింటూనే "అయితే మీ అక్క పోలికొచ్చిందన్నమాట" అన్నాడు. ఇప్పుడు రోజూ ఇదే తంతు. నోరా గారికి కూడా 'కూచో' వచ్చేసింది. 'లెగు' మాత్రం ఎంత నేర్పినా ఆవిడ నోరు తిరగదు.

కుక్క తడి తగిలితే నమాజు ఎలాగని అడుగుతావని తెలుసు. కుక్క మా గడప తొక్కదు. నేను చెప్పకుండానే ఆవిడ దాన్ని గేటు బయట కట్టేసి వస్తుంది. దాని నోరు తగిలితే కడుక్కుంటాం, నమాజు బట్టలు వేరుగా పెట్టుకున్నాం. వీళ్ళు కుక్కను మంచం మీద పడుకోబెట్టుకోవడం చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది. అలాగని మన రాళ్ళూ బాగున్నాయని అనలేను. నువ్వు కొట్టు ముందున్న గోధుమరంగు కుక్కకు రోజూ అన్నం పెడతావు, అది మెట్టెక్కితే చీపురు తీస్తావు. నీకు దయ లేదని ఎవరనగలరు? ఇక్కడా అందరూ నోరా గార్లు కారు. మా గేటు ముందే కుక్కను నిలబెట్టి, పనయ్యాక ఆకాశం చూస్తూ వెళ్ళిపోయే పెద్దమనిషి ఒకడున్నాడు. నోరా గారే వాణ్ణి ఆపి, చేతిలో సంచి పెట్టి, వెనక్కి పంపింది.

సఫియాకు మిగతా కుక్కలంటే ఇంకా భయమే. ఎవరిదైనా ఎదురైతే నా చెయ్యి గట్టిగా పట్టుకుంటుంది. కానీ నిన్న బడి గేటు దగ్గర, ఒకతను కుక్కతో వస్తుంటే, సఫియాయే ముందుకెళ్ళి ఇంగ్లీషులో "దయచేసి తాడు దగ్గరగా పట్టుకోండి, నాకు భయం" అని చెప్పింది. అతను "సారీ" చెప్పి పక్కకు తప్పుకున్నాడు. నేను వెనక నిలబడి చూశాను. భయమని పైకి చెప్పి, పెద్దవాళ్ళ చేత దారి ఇప్పించుకుంది నా కూతురు. బంగళా గేటు దగ్గర నాకు ఆ నోరు రాలేదు.

కాబట్టి అక్కా, పిల్లని పంపను. ఈ ఒక్క ముక్క రాయడానికే ఇంత ఉత్తరం.

నీకు కష్టంగా ఉంటుందని తెలుసు. ఏడాది పాటు తల దువ్వి, ముద్దలు కలిపి పెట్టిన దానివి. అది ఇక్కడికి వచ్చేశాక ఆ గదిలో దీపం వెయ్యడం లేదని బావ చెప్పాడు. మళ్ళీ వస్తుందని ఆశపెట్టి ఇప్పుడు కాదంటున్నందుకు నన్ను తిట్టు, పడతాను. మాట్లాడడం మానెయ్యకు. కొత్త పరుపు అమ్మొద్దని బావకు చెప్పు, వచ్చినప్పుడు దాని మీదే పడుకుంటాం. వీలైతే ఒక చిన్న దూది దిండు కంచికచర్ల అమ్మాయి చేత పంపించు. ఇక్కడి దిండ్ల మీద తల నిలవడం లేదు.

ఇంకో మాట. నువ్వే రా. పాస్‌పోర్టుకు పెట్టుకో. ఎండాకాలం ఇక్కడ హాయిగా ఉంటుంది. "అమ్మో, ఆ కుక్కల మధ్యకా" అంటావని నాకు తెలుసు. సఫియాకూ తెలుసు. ఇందాకటి నుంచి నా భుజం మీద గడ్డం ఆనించి ఏం రాస్తున్నానో చూస్తోంది. తన మాట కూడా రాయమంటోంది, చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

"పెద్దమ్మా, నువ్ రా. కుక్కొస్తే రాయి తియ్యమాక, అది ఆటనుకుంటది. నువ్ నా యెనకాల నిలబడు. నేను చూసుకుంటా."

బావకు సలాం చెప్పు. అత్తమ్మగారిని మా ముగ్గురి కోసం దువా చెయ్యమని అడుగు. నీ జవాబు కోసం, నీ కోసం ఎదురుచూస్తూ,

నీ చెల్లెలు,
రజియా