పదహారో అమ్మాయి

చిన్నారి చెల్లికి,

అక్క ఆశీస్సులు. నిన్న మీ ఆయన నా గదికి దయచేశారు. కాలేజీ క్రీడా అవార్డుల విందుకి బ్యానరు, ఆహ్వానాలు, తెర మీద వేసే బొమ్మలు నేనే చేస్తున్నాను కదా, పురమాయించడానికి. ఉత్తమ కోచ్ అవార్డు తనకేనట. పేరు బంగారు రంగులో కావాలన్నారు, పెట్టాను. పెంచమన్నారు, పెంచాను. కాలేజీ పేరుకన్నా పెద్దదయ్యాక గానీ తృప్తి కలగలేదు.

తర్వాత హాకీ జట్టు ఫోటోలో, పదహారు మంది మధ్యన ఉన్న గోల్‌కీపర్ అమ్మాయి మీద వేలు పెట్టారు.

"వదినగారూ, ఈ పిల్లని ఫోటోలోంచి లేపెయ్యండి."

"ఎందుకు?"

"క్రమశిక్షణ లేదండీ."

కాలు బెణికిన మరో పిల్లను ఈయన బెదిరించి ఆడించారని ప్రిన్సిపాల్‌కు రాసింది ఆ అమ్మాయి. అదీ క్రమశిక్షణ లేకపోవడం. ఫైనల్లో మూడు గోల్స్ ఆపింది కూడా ఆమే. అది ఆయనకు గుర్తులేదు.

"మీకు చిటికెలో పని," అని చిటికె వేసి చూపించారు. చిటికె మాత్రం చక్కగా వేస్తారు, ఒప్పుకోవాలి.

చెయ్యనన్నాను. పొద్దున ప్రార్థనలో ఆయన్నీ తలచుకున్నాను. అంతకుమించి నావల్ల కాదు.

నీ మేలు కోరే
పెద్దక్క


చెల్లీ,

నువ్వొచ్చి "ఇంట్లో నన్ను బతకనివ్వడక్కా, నాకోసం చెయ్యి" అని ఏడ్చావు. చేశాను. నీకిది ఇంతవరకూ చెప్పలేదు: ఆ అమ్మాయి చెయ్యి కెప్టెన్ భుజం మీద ఉండేది. ఒక్కో వేలూ చెరిపి, ఆ కింద జెర్సీ గీతలు కలుపుతూ మధ్యాహ్నమంతా కూర్చున్నాను. మీ ఆయన్ని తిట్టుకుంటూనే చేశాను. కానీ ఆ వేళ్లు చెరిపింది నా చెయ్యి. ఆ సాయంత్రం ప్రార్థన మానేశాను.

విందుకి ఆ అమ్మాయి అందరికంటే ముందే వచ్చింది, వాళ్లమ్మను వెంటబెట్టుకుని. బ్యానరు ముందు నిలబడి ఎడమ నుంచి లెక్కపెట్టింది. మళ్లీ కుడి నుంచి లెక్కపెట్టింది.

"ఆంటీ, నేనొక్కదాన్నే లేనా?"

"ప్రింటింగులో పొరపాటమ్మా."

బ్యానరు మీద కెప్టెన్ భుజం తడిమి చూసింది. "పొరపాటు ఇంత శుభ్రంగా ఉంటుందా ఆంటీ?"

వాళ్లమ్మ కూతురి బ్యాగు తన భుజానికి తగిలించుకుని, "పద, పోదాం," అంది.

"కాసేపు ఉండండి," అన్నాను.

తెర మీద బొమ్మలు వేసేది నేనే. ఉత్తమ కోచ్ అని పిలవగానే మీ ఆయన వేదికెక్కారు. ఆయన వెనక, గోడంత తెర మీద, అసలు ఫోటో వేశాను. ముందు కెప్టెన్ లేచింది, తర్వాత జట్టంతా. ఆ అమ్మాయి వైపు తిరిగి చప్పట్లు కొట్టారు. హాలంతా లేచింది. వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

మీ ఆయన అవన్నీ తనకే అనుకున్నారు. షీల్డు పైకెత్తారు. గుండె మీద చెయ్యి వేసుకున్నారు. రెండుసార్లు వంగి దండాలు కూడా పెట్టారు. వెనక్కి తిరిగి చూడాలని తోచలేదు పాపం. తన మీద తనకంత భక్తి ఉన్నవాడి కోసం దేవుణ్ణి ఏమని వేడుకోవాలో నాకు తెలియడం లేదు.

ఈపాటికి ఎవరో ఒకరు చెప్పే ఉంటారు. నీ మీద అరిస్తే, చేసింది మా అక్క అని చెప్పు, భయపడకు. నా దగ్గరికి రావాలనిపిస్తే బట్టలు సర్దుకుని రా, నీ మంచం వేసే ఉంచాను. ఏడ్చి ఒప్పించడానికైతే మాత్రం రాకు.

పెద్దక్క