వేళ్ల సందుల మందు

ఏవండీ,

మీరు పోయి ఇవాళ్టికి ఏడాది. మీకులాగే నాకూ చేపల చెరువు నీళ్లలో నాని కాలివేళ్ల సందులు ఒరిశాయి. కలిదిండి డాక్టరుగారు అప్పట్లో మీకు రాసిన, క్రిములకీ ఫంగస్‌కీ కలిపి పనిచేసే ఆయింట్‌మెంటే రాశారు. మీరైతే చెరువులో దిగేముందు దాన్ని గ్రీజులా పట్టించి, "ఇంక నీళ్లు అంటవులేవే" అనేవారు. ఆ నీళ్లే మందుని కడిగేసేవి. దురద తగ్గగానే ట్యూబు చూరులో దోపేసేవారు.

నేనలా చెయ్యను. కాళ్లు కడిగి, తడి పూర్తిగా ఆరాక పలచగా రాస్తున్నాను. తగ్గినట్టనిపించినా డాక్టరుగారు చెప్పినన్ని రోజులూ రాస్తాను. నాచు తియ్యడానికి పొద్దున చెరువు రైతు పిలిస్తే, "ఇది మానేదాకా నీళ్లలో దిగనండీ, గట్టు మీద పనుంటే చెప్పండి" అన్నాను.

కాళ్లకి విడిగా తువ్వాలు పెట్టుకోమన్నారు డాక్టరుగారు. ఏడాదిగా ఉతక్కుండా దాచిన మీ తువ్వాలు ఇవాళ ఉతికి ఎండలో ఆరేశాను.