పాత మలుపు

అక్కా,

కాలువ తిన్నగా పారాలంటూ మన ఇల్లు కూలగొట్టించారే, ఆ ఆఫీసు వాళ్లే పోయినేడు సిగ్గూ ఎగ్గూ లేకుండా నన్ను వెతుక్కుంటూ వచ్చారు. అదిప్పుడు వన్యప్రాణుల రక్షిత ప్రాంతమట. నీటికుక్కల కోసం పాత మలుపు మళ్లీ తవ్వాలి, ఎక్కడుండేదో చూపించమన్నారు. చూపించాను. సరిగ్గా మన వంటగది వెనకనుంచే తవ్వారు. అమ్మ గిన్నెలు తోమిన గట్టున రెల్లు నాటారు. నీటికుక్కలకు బొరియలు కూడా కట్టించి ఇచ్చారు. మనకు రేకు ముక్క కూడా ఇవ్వలేదు.

నిన్న మొదటి నీటికుక్క వచ్చింది. "పుట్టిన చోటు మర్చిపోలేదు చూశారా!" అని ఆఫీసరు మురిసిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ అక్కడే ఉన్నానక్కా, టికెట్టు కొనుక్కుని, తాడుకు ఇవతల.

చూడాలనిపిస్తే పగటిపూటే రా. పొద్దుగూకితే అక్కడ మనుషుల్ని ఉండనివ్వరు.

నీ తమ్ముడు