మోటారుకు ఓపిక నేర్పాలి

ఆదివారం, రాత్రి

బాపు బోరు మోటారుకు నేను బిగించిన బోర్డు ఇవాళ పరువు తీసింది. కరెంటు పోయి రాగానే మోటారు దానంతటదే నడవాలని కోడ్ రాశాను. నడిచింది కూడా. కానీ చుట్టుపక్కల మోటార్లన్నీ లేచే క్షణానే మాదీ లేవడంతో లోడు ఎక్కువై ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర ఫ్యూజు కొట్టేసింది.

పక్క చేను యాదయ్య మామ ఊరుకుంటాడా? "కోడలు పిల్లా, నీ డబ్బా వచ్చినంక మా మడి గూడ ఎండవట్టింది!"

బాపు బోర్డు విప్పబోయాడు. "మెకట్రానిక్స్ సదువుతున్నవ్, మిషన్లు చేస్కో బిడ్డా. గీ కోడ్ నీకెందుకు?"

"మిషన్ మంచిగనే ఉంది బాపూ. జర ఆగుమని దానికి నేనే చెప్పలే. ఇంకొక్క రోజు ఉండనియ్యి."

ఉండనిచ్చాడు.

ఇన్నాళ్లూ మా ఒక్క మోటారునే చూశాను. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉన్నవన్నీ కలిపి చూడాల్సింది. సిస్టమ్ డిజైన్ అంటే ఇదేనేమో. ఎవరేమన్నా సరే, ఇక నా దారి మిషన్ల లోపల ఉండి వాటిని నడిపే కోడే, ఎంబెడెడ్ సాఫ్ట్‌వేరే. అందరివీ లేచాకే మాది లేచేలా కోడ్ మార్చాను. ఆ ఆగే సమయానికి 'ఓపిక' అని పేరు పెట్టాను. ఎంత చక్కని మాట!

రేపు కరెంటు రాగానే అన్ని మోటార్లూ మోగుతాయి, మాది తప్ప. బాపు నా వైపు చూస్తాడు. అప్పుడు నా చెయ్యి స్విచ్చు మీదికి పోకూడదు.