పురుగుల గది బయట గియ్యి

సురేషూ, మల్బరీ ఆకు నువ్వు ముట్టద్దు. నా మరదలితో కోయించి పొద్దున బస్సుకు పంపు. పట్టుపురుగుల తట్టలన్నీ ఆటోలో వేసుకుని బేరిగైలో చిన్నమ్మ ఇంటికి పోతున్నాను.

కొయ్య ఇల్లు కడతానని దూలాలు గీసి గీసి నీకు దూల ఎక్కువైంది! ప్లానులో పురుగుల గదిని చెక్క అటక కిందే పెడితివి. చెదలమందు వాసనకు పురుగులు బతుకుతాయా? నిన్న తట్టల పక్కన ఒక్క దూలానికి పూసినావు, పొద్దునకు రెండు తట్టలు చచ్చినాయి. గదిని పెరటి అవతల వేరుగా గీసేదాకా నేను రాను. నీ పట్టు నీదైతే నా పట్టు నాది.

ఇట్లు,
అక్క పుష్పావతి

రాగిముద్ద గిన్నెలో ఉంది. మందు చేతులు సబ్బుతో బాగా కడిగి తిను. పురుగులకైతే మళ్లీ గుడ్లు తెచ్చుకుంటాను, తమ్ముణ్ణి యాడ తెచ్చేది?